నిప్పుందా గురూ?

మా ఆఫీసులో రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, మెట్లు మలుపు తిరిగే చోట ఒక కిటికీ ఉండేది. దాని చెక్క గట్టు మీద వరసగా గోధుమరంగు మచ్చలు. ఎవరైనా ఫైలు తెస్తే నోట్లో సిగరెట్ తీసి గట్టు అంచున ఆనించి, సంతకం చేసి, మళ్ళీ అందుకునేలోపు కాలిన మచ్చలవి. పక్కనే కొక్కేనికి ఎర్రటి ఇసుక బకెట్ వేలాడేది. నిప్పంటుకుంటే ఆర్పడానికి పెట్టిన బకెట్. నేను చేరేనాటికే అందులో ఇసుక కన్నా పీకలు ఎక్కువ. ఏటా తనిఖీకి వచ్చే పెద్దమనిషి కూడా తన పీక అందులోనే గుచ్చి, "అంతా సక్రమం" అని రాసి వెళ్ళేవాడు.

ఎనభైల మొదట్లో మాట ఇది. నేను అకౌంట్స్‌లో గుమాస్తాని. జన్మలో ఒక్క దమ్ము పీల్చినదాన్ని కాదు గానీ, నా ఉద్యోగంలో పెద్ద భాగం ఆ పొగలోనే గడిచింది. సంతకాలు పెట్టాల్సినవాళ్ళు సీట్లో దొరికితేగా! అందరూ ఆ మలుపులోనే ఉండేవాళ్ళు. ఫైలు చంకన పెట్టుకుని నేనూ అక్కడికే. తెరిచిన ఫైలు మీద నుసి రాలితే ఊదేసి "సారీ అమ్మా" అనేవారు. సాయంత్రం ఇంటికెళ్ళి తలస్నానం చేసినా జుట్టుకి పట్టిన ఆ వాసన వదిలేది కాదు.

ఆఫీసు నడిచేది నిజానికి అక్కడే. ఎవరికి బదిలీ, ఎవరి మీద పైవాళ్ళకి కోపంగా ఉంది, వచ్చే నెల రాత్రి షిఫ్టు ఎవరి నెత్తిన పడబోతోంది, అన్నీ అక్కడే తేలేవి. సీట్లో కూర్చున్న మాకు సర్క్యులర్ చేతికొచ్చాక తెలిసేది. మెట్ల బ్యాచ్‌కి అది టైపు కాకముందే తెలిసేది. హోదాలు కూడా అక్కడ కాస్త సడలేవి. మామూలప్పుడు గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకునే అటెండరు, అక్కడ మేనేజర్ గారి సిగరెట్ కొసతోనే తన సిగరెట్ అంటించుకునేవాడు. "నిప్పుందా గురూ?" అని అడిగితే లేదనేవాడు ఉండేవాడు కాదు. అగ్గిపెట్టె ఎవరిదో ఎవరికీ తెలియదు, అలా చేతులు మారుతూనే ఉండేది.

అప్పట్లో కొత్తగా చేరిన ఒక కుర్రాడు నాకు బాగా గుర్తు. మాట్లాడితే చెవులు ఎర్రబడేంత మొహమాటం. ఎవరో ఇస్తే కాదనలేక మొదటిది పుచ్చుకున్నాడు. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అందరూ నవ్వి వీపు తట్టారు. ఆ తట్టడమే అతనికి కావలసింది అని నాకు ఆ క్షణంలోనే అనిపించింది. కొన్నాళ్ళకి అతని జేబులో సొంత పెట్టె కనిపించింది. ఇంకొన్నాళ్ళకి మెట్ల మీద ఎవరూ లేకపోయినా ఒక్కడే వెళ్ళి తాగి వచ్చేవాడు. పొగ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుందని తర్వాతెప్పుడో చదివాను. రక్తంలో చేరినదాంట్లో సగం దాదాపు రెండు గంటల్లో కరిగిపోతుందట. తగ్గగానే చిరాకు, మళ్ళీ ఒకటి ముట్టిస్తే హాయి. "టెన్షన్‌గా ఉంది, ఒకటి కొట్టొస్తా" అని మా వాళ్ళు లేచేవారే, ఆ టెన్షన్‌లో సగం కిందటి సిగరెట్ అరిగిపోవడం వల్ల వచ్చిందే! కానీ ఆ కుర్రాడిని ముందు పట్టుకున్నది నికోటిన్ కాదు, ఆ మెట్ల మలుపు. నికోటిన్ వెనకాల నెమ్మదిగా వచ్చి చేరింది.

మా సెక్షన్‌లో ఆడవాళ్ళం నలుగురం. మాకు ఆ మలుపులో ఫైలు పట్టుకుని నిలబడే హక్కు తప్ప కబుర్లు వినే హక్కు లేదు. మేం కనిపించగానే మాట మారిపోయేది. ఒకసారి నాకు రావాల్సిన సీటు ఇంకొకరికి వెళ్ళింది. ఎలా వెళ్ళిందని ఆరా తీస్తే, అది రెండు సిగరెట్ల వ్యవధిలో తేలిపోయిన వ్యవహారం. "నువ్వూ ఒకటి ముట్టించి వాళ్ళ పక్కన నిలబడు, అప్పుడు చెప్తారు" అని మా సీనియర్ ఒకావిడ నవ్వుతూ అంది. నవ్వుతూ అన్నా అందులో లెక్క ఉంది. 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు అమెరికన్ టొబాకో కంపెనీ తరఫున కొందరు అమ్మాయిల చేత నడివీధిలో సిగరెట్లు ముట్టింపజేశాడు. వాటిని స్వేచ్ఛా కాగడాలుగా పత్రికల్లో ప్రచారం చేయించాడు. రుచి గురించి గానీ పొగాకు గురించి గానీ పెద్దగా చెప్పింది లేదు. మగవాళ్ళకి ఉన్నది మీకెందుకు ఉండకూడదు అన్నాడంతే. ఆ సీటు పోయిన రోజు ఎవరైనా నాకూ అదే మాట చెప్పి ఉంటే, ఏమో, చెయ్యి చాచేదాన్నేమో. నాకు కావలసింది మాత్రం పొగ కాదు, ఆ కబుర్లు.

కంప్యూటర్ వచ్చిన సంవత్సరం ఒక తమాషా జరిగింది. దానికోసం ప్రత్యేకంగా గది కట్టి, ఏసీ పెట్టి, తలుపు మీద "లోపల పొగ తాగరాదు" అని బోర్డు తగిలించారు. పొగ వల్ల యంత్రం పాడవుతుందట! ఆ గదిని ఆనుకునే మా సెక్షన్. అక్కడ కూర్చున్న మా ఊపిరితిత్తుల గురించి ఏ బోర్డూ లేదు. మా సెక్షన్ ఆఫీసరుని అడిగాను, "సార్, మమ్మల్ని కూడా ఆ గదిలో కూర్చోబెట్టకూడదా?" అని. ఆయన పెద్దగా నవ్వి, ఆ నవ్వుతోనే ఇంకొకటి ముట్టించారు. అప్పటికే, 1981లో, జపాన్‌లో హిరయామా అనే శాస్త్రవేత్త లెక్కలు బయటపెట్టాడు. భర్తలు విపరీతంగా పొగ తాగేవాళ్ళయితే, తాము ఒక్క సిగరెట్ కూడా ముట్టని భార్యల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. ఆ లెక్క మా అంతస్తు దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇంట్లో మా నాన్నగారు. పొద్దున్నే కళ్ళు తెరవకముందే ఆయన చెయ్యి తలగడ కిందికి వెళ్ళేది. కాళ్ళు నేల మీద పెట్టేలోపు మొదటిది వెలిగేది. వ్యసనం ఎంత ముదిరిందో తూచడానికి డాక్టర్లు అడిగే ప్రశ్నల్లో కీలకమైనది ఇదే, నిద్ర లేచాక మొదటి సిగరెట్‌కి ఎంతసేపు పడుతుంది అని. 5 నిమిషాల లోపైతే పూర్తి మార్కులు. మా నాన్నగారికి ఎప్పుడూ పూర్తి మార్కులే. ఒకసారి గోడలకి రంగు వేయిద్దామని పటాలన్నీ దించితే, పటం ఉన్న మేర గోడ తెల్లగా, చుట్టూ పలచటి పసుపు. అమ్మ ఆ తెల్లటి చదరం మీద వేలు పెట్టి, పక్కన పసుపు మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన ఆ రోజు వీధిలోకి వెళ్ళి తాగారు. మర్నాటికి మళ్ళీ మామూలే.

ఇదంతా పై అంతస్తుల కథ. అసలు కథ కింద గోడౌన్‌లో ఉంది.

మా దగ్గర సరుకు రాత్రిళ్ళు ఎక్కించేవారు. హమాలీలు, వాళ్ళ మీద ఒక మేస్త్రి. నెలాఖరు లెక్కలప్పుడు నేను కూడా రాత్రి పొద్దుపోయేదాకా ఉండేదాన్ని కాబట్టి అక్కడి పద్ధతి చూశాను. పని మధ్యలో కాసేపు ఊరికే కూర్చుంటే సూపర్‌వైజర్ అరిచేవాడు. సిగరెట్ వెలిగించి కూర్చుంటే ఏమీ అనేవాడు కాదు. వాడూ తాగేవాడే మరి! ఉత్త చేతులతో కూర్చుంటే బద్ధకం, పీక పట్టుకుని కూర్చుంటే విరామం. తాగనివాడికి ఆ రాత్రంతా విరామమే లేదు. చేరినప్పుడు తాగని కుర్రాళ్ళు అక్కడ ఎక్కువకాలం తాగకుండా ఉండలేదు. ఒకడైతే మొదట్లో ఉత్తినే వెలిగించి చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. నడుం వాల్చుకోవడానికి దొరికిన చీటీ అది. చీటీ చేతిలో కాలుతుంటే ఎన్నాళ్ళని నోటికి దూరంగా పెడతాడు!

ఇది మా గోడౌన్ సూపర్‌వైజర్ కనిపెట్టిన విద్యేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకిచ్చే భోజనపు పొట్లాల్లో తిండితో పాటు సిగరెట్లు కూడా పెట్టేవారు, 1975 దాకా ఆ పద్ధతి సాగింది. నిద్ర చాలదు, భయం, విసుగు, చేతిలో చెయ్యడానికి ఏమీ లేని గంటలు. వాటన్నిటికీ చవకైన మందు ఒకటి పెట్టి పంపించారు. యుద్ధం అయిపోయింది గానీ మందు మానలేదు. రాత్రి షిఫ్టు కూడా ఒక రకం యుద్ధమే, కాకపోతే పతకాలుండవు.

డబ్బు సంగతి కూడా అక్కడే అర్థమైంది. పన్ను పెరిగి ధర ఎక్కిన ప్రతిసారీ పై అంతస్తులో రెండు రోజులు తిట్టుకునేవారు, మూడో రోజు నుంచి అదే బ్రాండు, అదే పెట్టె. కింద మాత్రం తేడా కళ్ళకి కనిపించేది. పెట్టె కొనేవాళ్ళు విడిగా ఒకటీ రెండూ కొనేవారు. ఒకటే వెలిగించి ముగ్గురు పంచుకునేవారు. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్ళలో కొందరు నిజంగానే ఆపేశారు. మేస్త్రి మాత్రం ఆపలేదు, ఇంకా నాసిరకం, ఇంకా ఘాటైన బ్రాండుకి దిగాడు. ధర 10 శాతం పెరిగితే వాడకం ధనిక దేశాల్లో సుమారు 4 శాతం, మిగతా దేశాల్లో సుమారు 5 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను చూసింది దానికి దగ్గరగానే ఉంది. అయితే ఆ సగటు అంకె వెనకాల మానేసిన కుర్రాడూ ఉంటాడు, పిల్లల ఫీజులోంచి తీసి తాగిన మేస్త్రీ ఉంటాడు. పన్ను వేయొద్దని నేననను, వేయాల్సిందే. వేసి ఊరుకోవడం మాత్రం నాకు నచ్చదు.

తొంభైల్లో పై అంతస్తుల్లో గాలి మారింది. ఒక ఆఫీసరు గారికి గుండె ఆపరేషన్ అయింది. ఆయన మానేశారు. ఆయనతో రోజూ మెట్ల దగ్గర నిలబడే ఇద్దరు ఆ నెలలోనే మానేశారు, వాళ్ళని చూసి ఇంకొకరు. చూస్తుండగానే బ్యాచ్ సగమైంది. ఎవరో దండలో దారం లాగినట్టు జరిగింది. అప్పట్లో విచిత్రం అనుకున్నాను. 2008లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి మీద ఒక పరిశోధన వచ్చింది. 12,067 మందిని 1971 నుంచి 2003 దాకా గమనించిన వివరాలవి. భార్యాభర్తల్లో ఒకరు మానేస్తే రెండోవాళ్ళు తాగే అవకాశం 67 శాతం తగ్గిందట. స్నేహితుడు మానేస్తే 36 శాతం, చిన్న ఆఫీసుల్లో తోటి ఉద్యోగి మానేస్తే 34 శాతం. ముఠాలు ముఠాలుగా మానేశారు. మానని కొద్దిమంది ఆ పరిచయాల అల్లికలో అంచుకి నెట్టబడ్డారు. చదువుకున్న స్నేహితుల ప్రభావం ఇంకాస్త ఎక్కువని కూడా అందులో తేలింది.

అంచుకి నెట్టబడటం మా దగ్గర అక్షరాలా జరిగింది. మొదట మెట్ల మలుపు నుంచి వెనక వరండాకి, అక్కడి నుంచి సైకిల్ స్టాండుకి, ఆఖరికి గేటు బయటికి. ఒకప్పుడు కబుర్లకి కేంద్రం వాళ్ళు. ఇప్పుడు వానలో గొడుగు కింద నిలబడి, సర్క్యులర్‌లో ఏముందని మమ్మల్ని అడిగేవాళ్ళు. నాకు కాస్త సంతోషం కలిగిందని దాచను.

విమానాల్లో కూడా ఇదే కథ. మొదట్లో నేనెక్కిన విమానంలో ఫలానా వరస నుంచి వెనక్కి పొగతాగేవాళ్ళవి, ముందు వరసలు తాగనివాళ్ళవి. మధ్యలో గోడా లేదు, తెరా లేదు. నాది సరిగ్గా సరిహద్దు వరస! తర్వాత ఒక్కో దేశం నిషేధిస్తూ వచ్చింది, అమెరికా 1988లో రెండు గంటల లోపు ప్రయాణాలతో మొదలుపెట్టింది. ఇప్పటికీ విమానం టాయిలెట్ తలుపు దగ్గర యాష్‌ట్రే ఉంటుంది చూడండి. ఎవడో ఒకడు నిషేధం మీరి తాగుతాడని, తాగినా పీకని కాగితాల బుట్టలో పడేయకూడదని, నిబంధన ప్రకారం పెడతారు. మనిషి మీద అంత స్పష్టమైన అంచనా ఉన్న నిబంధన ఇంకోటి నేను చూడలేదు.

విమానాల మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. 2010లో ఇజ్రాయెల్ పరిశోధకులు పొగ అలవాటున్న విమాన సిబ్బందిని పరీక్షించారు. కొన్ని ప్రయాణాలు 3 నుంచి 5.5 గంటలవి, కొన్ని 10 నుంచి 13 గంటలవి. నికోటిన్ ఒక్కటే కారణమైతే ఎంతసేపు తాగకపోతే అంత నాలుక పీకాలి కదా! అలా జరగలేదు. చిన్న ప్రయాణం ముగియబోతుండగా ఎంత యావ పుట్టిందో, పెద్ద ప్రయాణంలో అదే సమయానికి అందులో చాలా తక్కువే పుట్టింది. దిగబోతున్నాం, తాగబోతున్నాం అన్న దగ్గరే యావ ఎగదన్నుతుంది. అది చదవగానే నాకు మా గోడౌన్ గంట గుర్తొచ్చింది. రాత్రి రెండింటికి గంట కొట్టగానే అందరి చేతులూ ఒకేసారి జేబుల్లోకి వెళ్ళేవి. మేస్త్రి చెయ్యి గంటకి ముందే వెళ్ళేది.

2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం ఆమోదించింది, 2005లో అది అమల్లోకి వచ్చింది. మధ్యలో 2004 మార్చిలో ఐర్లాండ్ పబ్బులతో సహా పనిచేసే చోట్లన్నిటా పొగ మానిపించింది. మా ఆఫీసులో కూడా పూర్తి నిషేధం పెట్టాలన్నారు. అప్పటికి నేను అడ్మిన్‌లో ఉన్నాను, అమలు నా నెత్తిన పడింది. పై అంతస్తుల్లో ఒక్కరోజు పని. అక్కడ తాగేవాళ్ళే పెద్దగా మిగల్లేదు. మానాలనుకున్నవాళ్ళకి తమ గది ఉంది, తమ డాక్టరు ఉన్నాడు, తలుపు వేసుకుని కాసేపు కళ్ళు మూసుకునే వీలుంది. బ్రిటన్‌లో కూడా పొగకీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం యాభైల్లో బయటపడ్డాక అందరికన్నా ముందు జోరుగా మానింది డాక్టర్లే. ఇప్పుడు ప్రపంచంలో పొగాకు వాడేవాళ్ళలో దాదాపు 80 శాతం మంది పేద, మధ్యస్థాయి ఆదాయాల దేశాల్లో ఉన్నారు. మా భవనంలో అయితే ఆఖరి పొగ గోడౌన్‌లో మిగిలింది. "వాళ్ళకి మనోబలం లేదండీ" అని గుండె ఆపరేషన్ అయిన ఆఫీసరు గారే నాతో అన్నారు. ఆయనకి పది రోజుల విశ్రాంతి, ఇంటిల్లిపాది కాపలా ఉన్నాయన్నది ఆయనకి గుర్తులేదు.

గోడౌన్‌లో బోర్డు పెట్టే ముందు నేను ఒక్కటే పట్టుబట్టాను. తాగినా తాగకపోయినా అందరికీ పది నిమిషాల విరామం, కూర్చోవడానికి బల్లలు. ఇంత చిన్న కాగితానికి ఎన్ని అభ్యంతరాలు వచ్చాయో చెప్పలేను. చివరికి ఒప్పుకున్నారు. విడిగా మాన్పించే కౌన్సెలింగ్ కూడా పెట్టారు, నికోటిన్ గమ్ ఉచితంగా ఇస్తామన్నారు. ఎక్కడ? మూడో అంతస్తులో. ఎప్పుడు? పగలు పదకొండింటికి. రాత్రంతా బరువులు మోసినవాళ్ళు నిద్రపోయే వేళకి! మొదటి నెల ఒక్క హమాలీ రాలేదు. వాళ్ళకి ఆసక్తి లేదని ఫైల్లో రాసేశారు. దాన్ని షిఫ్టు మారే సమయానికి, గోడౌన్ గుమ్మం దగ్గరికి మార్పించాను. కొంతమంది వచ్చారు. అందరూ మానలేదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు మాత్రం తాగకుండానే బల్లల మీద కూర్చోవడం చూశాను, అది నాకు చాలనిపించింది.

మేస్త్రి గమ్ నమిలాడు, చాక్లెట్లు చప్పరించాడు, దేవుడి మీద ఒట్టు కూడా పెట్టాడు. వారం తిరక్కుండా మళ్ళీ జేబులో పెట్టె. "అమ్మా, రెండింటికి గంట కొడితే చెయ్యి నా మాట వినదు" అన్నాడు. ఈలోగా నడుం నొప్పి వచ్చి బరువులు ఎత్తొద్దన్నారని పగటిపూట స్టోర్స్‌కి మార్చారు. అక్కడ గంట లేదు, పాత జట్టు లేదు, రాత్రి మేలుకోవడం లేదు. మొదటి మూడు రోజులూ మనిషి మనిషిలా లేడు, ఎవరు పలకరించినా కసురుకున్నాడు. నెలకి కుదుటపడ్డాడు. పెద్దగా తంటాలు పడకుండానే మానేశాడని అందరూ ఆశ్చర్యపోయారు.

ఏడాది తర్వాత మనుషులు తక్కువయ్యారని అతన్ని వారం రోజులు మళ్ళీ రాత్రి షిఫ్టుకి వేశారు. మూడో రాత్రికే ఎవరి దగ్గరో ఒకటి అడిగి పుచ్చుకున్నాడు. తనే వచ్చి నాతో చెప్పాడు. నేను వెంటనే హెచ్‌ఆర్‌కి వెళ్ళి, ఈయన్ని ఇక రాత్రిళ్ళు వేయొద్దని అడిగాను. ఆ అబ్బాయి కంప్యూటర్‌లో అటూ ఇటూ వెతికి, "మేడమ్, షిఫ్టు మినహాయింపుకి కారణాల జాబితాలో పొగ లేదు" అన్నాడు. నడుం నొప్పి అని రాద్దామా అంటే, డాక్టరు చీటీ గడువు అయిపోయిందట. ఫారం తీసుకుని కారణం అన్న గడిలో "ఇతరములు" అని టిక్కు పెట్టి, కింద సంతకం చేసి ఇచ్చాను.